పికప్ బండిలో ఫోర్ వీల్ డ్రైవ్: లోపల ఏం జరుగుతుంది, ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

పికప్‌లో నాబ్‌ను 2హెచ్ (వెనక రెండు చక్రాలకే బలం) నుంచి 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం)కి తిప్పితే ఇంజన్‌కి కొత్త బలమేమీ రాదు. అప్పటిదాకా వెనక చక్రాలకే వెళ్తున్న బలానికి ముందు చక్రాల వైపు కూడా దారి తెరుచుకుంటుంది, అంతే. అయితే ఆ దారి తెరుచుకునే తీరులో ఒక మెలిక ఉంది. చాలా పికప్‌లలో ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి గట్టిగా బిగుసుకుంటాయి. ఆ తర్వాత రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు, ఒక్కోసారి తీయబోతే ఎందుకు మొరాయిస్తుంది, ఏ భాగం ఎందుకు విరుగుతుంది అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ బిగింపులోనే దొరుకుతుంది. అందుకే నాబ్ సంగతి తర్వాత, ముందు బండి కిందికి చూద్దాం.

బలం వెళ్ళే దారి

ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కి, అక్కడి నుంచి దాని వెనకే ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి బలం వస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు బయటికి వచ్చే పెట్టె. ఒక షాఫ్టు వెనక ఇరుసుకు, రెండోది ముందు ఇరుసుకు వెళ్తుంది. 2హెచ్‌లో వెనక షాఫ్టు మాత్రమే ఇంజన్‌తో కలిసి ఉంటుంది. 4హెచ్ వేయగానే లోపల ఒక ఫోర్క్ పళ్ళ స్లీవును జరిపి, ముందు షాఫ్టును తిప్పే చెయిన్ చక్రాన్ని వెనక షాఫ్టుతో కలిపేస్తుంది. కొన్ని పాత, బరువైన బళ్ళలో చెయిన్‌కి బదులు పళ్ళ చక్రాలే ఉంటాయి.

ప్రతి ఇరుసు మధ్యలో ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్తాయి కదా, ఆ తేడాను సర్దేది అదే. ముందు ఇరుసులో ఇంకో భాగం కూడా ఉంటుంది. 2హెచ్‌లో వెళ్తున్నప్పుడు ముందు చక్రాలు ఆ ఇరుసులోని షాఫ్టులన్నిటినీ ఊరికే తిప్పకుండా విడదీసే ఏర్పాటు అది. పాత బళ్ళలో ఇది చక్రం మధ్య చేత్తో తిప్పే హబ్ రూపంలో ఉంటుంది. దాని మీద ‘ఫ్రీ’, ‘లాక్’ అని రాసి ఉంటుంది. కొత్త బళ్ళలో మోటారుతోనో, వ్యాక్యూమ్‌తోనో దానంతటదే కలుస్తుంది, విడిపోతుంది. చేత్తో తిప్పే హబ్‌లున్న బండిలో లోపల 4హెచ్ వేసి, హబ్‌లను ‘ఫ్రీ’లోనే వదిలేస్తే ముందు షాఫ్టు తిరుగుతుంది గానీ చక్రాలకు బలం అందదు. బురదలో దిగబడ్డాక బూట్లు లేకుండా దిగి హబ్ తిప్పాల్సి వచ్చేది ఈ మరుపు వల్లే.

బిగింపు ఎంత గట్టిది? ఒక లెక్క

నాలుగు చక్రాలూ ఎప్పుడూ ఒకే దూరం వెళ్తాయనుకోవడమే అసలు పొరపాటు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3.1 మీటర్లు ఉన్న పికప్‌ను తీసుకోండి. స్టీరింగ్ బాగా తిప్పి, వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్థంతో తిరిగేలా 90 డిగ్రీల మలుపు తీసుకుంటే వెనక ఇరుసు 7.85 మీటర్లు వెళ్తుంది. ముందు ఇరుసు తిరిగే వ్యాసార్థం సుమారు 5.88 మీటర్లు, కాబట్టి అది 9.24 మీటర్లు వెళ్తుంది. ఒక్క మలుపులో 1.39 మీటర్ల తేడా. టైరు చుట్టుకొలత 2.43 మీటర్లు అనుకుంటే అది చక్రానికి సగం చుట్టు కంటే ఎక్కువ. ఇరుసులోని క్రౌన్, పినియన్ (షాఫ్టు తిరుగుడును చక్రాలకు అందించే పళ్ళ జోడీ) నిష్పత్తి 3.9 అయితే, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు 3.9 చుట్లు తిరిగితే, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర ఆ తేడా 2 చుట్లు దాటుతుంది.

2హెచ్‌లో ముందు షాఫ్టు స్వేచ్ఛగా ఉంటుంది కాబట్టి ఈ తేడాతో ఎవరికీ ఇబ్బంది లేదు. 4హెచ్‌లో రెండు షాఫ్టులూ కలిసిపోయాయి. ఆ రెండు చుట్ల తేడా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మట్టి, ఇసుక, బురద, మంచు మీద ఏదో ఒక టైరు కాస్త జారి సర్దుకుంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఎండిన తారు రోడ్డు మీద టైరు జారదు. అప్పుడు షాఫ్టులు, యూ-జాయింట్లు (షాఫ్టు చివర్లలో వంగే కీళ్ళు), చెయిన్, పళ్ళు మెలిపడతాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, ఎవరో బ్రేకు పట్టినట్టు బండి ఆగుతూ కుదుపుతుంది, చివరికి టైరు ఒక్కసారిగా ‘కీచ్’మని గెంతుతుంది. ఆ గెంతే మీ అదృష్టం. టైరు గెంతకపోతే విరిగేది లోపలి ఇనుమే.

ఇదే లెక్క టైర్లకూ వర్తిస్తుంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. 775 మి.మీ. వ్యాసం ఉన్న కొత్త టైర్లు వెనక, 6 మి.మీ. అరిగిన టైర్లు ముందు ఉన్నాయనుకోండి. ఒక్కో చుట్టుకు దాదాపు 38 మి.మీ. తేడా వస్తుంది. కిలోమీటరు నేరుగా వెళ్ళినా 15 మీటర్లకు పైగా తేడా పోగుపడుతుంది. మలుపు లేకపోయినా బండి మెలిపడుతూనే ఉంటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే మోడల్, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. రెండే మార్చే స్తోమత ఉంటే 4హెచ్ వాడకాన్ని జారుడు నేలకే కచ్చితంగా పరిమితం చేయండి.

మీ బండి ఏ రకం?

పై లెక్కంతా ‘పార్ట్ టైమ్’ రకానికి సంబంధించింది. టయోటా హైలక్స్ లాంటి పికప్‌లలో ఎక్కువగా ఉండేది ఇదే. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో మధ్య డిఫరెన్షియల్ కూడా ఉంటే కథ వేరు. ముందు, వెనక షాఫ్టుల మధ్య తేడాను అది సర్దుతుంది కాబట్టి తారు రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలతో వెళ్ళొచ్చు. మిత్సుబిషి ‘సూపర్ సెలెక్ట్’ దీనికి మంచి ఉదాహరణ. అందులో 2హెచ్, 4హెచ్, 4హెచ్‌ఎల్‌సీ, 4ఎల్ఎల్‌సీ అనే నాలుగు స్థానాలుంటాయి. చివర ‘ఎల్‌సీ’ అంటే మధ్య డిఫరెన్షియల్ లాక్ అయిందని అర్థం. ఆ బండిలో 4హెచ్‌ను తారు మీద వాడొచ్చు, 4హెచ్‌ఎల్‌సీని వాడకూడదు. అదే ‘4హెచ్’ అక్షరం హైలక్స్‌లో తారు మీద పనికిరాదు. అక్షరాలను నమ్మకండి, మీ బండి పుస్తకంలో మధ్య డిఫరెన్షియల్ ఉందో లేదో చూడండి.

మూడో రకం ‘ఆటో’. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో క్లచ్ ప్లేట్ల కట్ట ఉండి, వెనక చక్రం జారగానే కంప్యూటర్ ఆ ప్లేట్లను నొక్కి ముందుకు బలం పంపుతుంది. వాన రోడ్డుకు ఇది చాలా హాయి. లోతైన ఇసుకలో మాత్రం ప్లేట్లు అదే పనిగా ఒరుసుకుని వేడెక్కుతాయి. అక్కడ ఆటో తీసేసి 4హెచ్‌లో లాక్ చేయాలి.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. 4హెచ్‌లో బలం సగం ముందుకు, సగం వెనక్కు పోతుందని చాలాచోట్ల రాస్తుంటారు. పార్ట్ టైమ్ రకంలో రెండు షాఫ్టులకూ సమానమయ్యేది వేగం, బలం కాదు. షాఫ్టులు బిగుసుకున్నాయి కాబట్టి ఏ ఇరుసుకు నేల మీద పట్టు దొరికితే బలం దానికే వెళ్తుంది. వెనక చక్రాలు రెండూ నూనె మీద ఉంటే దాదాపు మొత్తం బలం ముందుకే వెళ్తుంది.

4హెచ్ వేసినా ఎందుకు దిగబడుతుంది?

మామూలు డిఫరెన్షియల్ తన రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పే బలాన్నే ఇస్తుంది. ఎడమ చక్రం బురదలో ఉండి 100 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గరే జారిపోతుంటే, గట్టినేల మీదున్న కుడి చక్రం 1500 తట్టుకోగలిగినా దానికి కూడా 100 మాత్రమే అందుతుంది. ఇరుసు మొత్తానికి 200. జారే చక్రం ఎంత బలహీనమో జోడీ కూడా అంతే బలహీనం.

4హెచ్ ఇరుసుల మధ్య బిగిస్తుంది గానీ ఒకే ఇరుసులోని ఎడమ, కుడి చక్రాలను బిగించదు. అందుకే ముందు ఒక చక్రం, దానికి ఎదురు మూలన వెనక ఒక చక్రం గాలిలోకి లేస్తే నాలుగు చక్రాల బండి కదలకుండా నిలబడిపోతుంది. దీనికి మూడు మందులున్నాయి. ఒకటి, జారే చక్రానికి మాత్రం కంప్యూటర్ బ్రేకు వేసే ట్రాక్షన్ కంట్రోల్. బ్రేకు ఆపిన బలానికి సమానమైన బలం అవతలి చక్రానికి అందుతుంది, కాబట్టి చక్రాలు తిరుగుతున్నాయని భయపడి కాలు తీసేయకుండా యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకోవాలి. రెండు, లిమిటెడ్ స్లిప్. ఇది తేడాను కొంతవరకే అడ్డుకుంటుంది, చక్రం పూర్తిగా గాలిలో ఉంటే పెద్దగా సాయపడదు. మూడు, డిఫ్ లాక్. ఇది రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా బిగించేస్తుంది. పనితనంలో దీనికి సాటి లేదు. అయితే బండి నేరుగా వెళ్తున్నప్పుడే, నడిచే వేగంలోనే వాడాలి. చక్రం గిరగిరా తిరుగుతుండగా లాక్ నొక్కితే పళ్ళు విరుగుతాయి. కాలు తీసి, చక్రం ఆగాక నొక్కాలి. అడ్డంకి దాటగానే తీసేయాలి.

4ఎల్ ఇచ్చేది పట్టు కాదు, నెమ్మది

4ఎల్ (నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం)లో ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల వేగాన్ని తగ్గించే మరో గేర్ తగులుకుంటుంది. చాలా పికప్‌లలో దాని నిష్పత్తి 2.5 నుంచి 2.7 వరకు ఉంటుంది. జీప్ గ్లాడియేటర్ రూబికాన్‌లో 4. మొదటి గేర్ 4.3, 4ఎల్ 2.6, ఇరుసు 3.9 అనుకుని గుణిస్తే దాదాపు 43.6 వస్తుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్ల దగ్గర ఐడిల్‌లో ఉంటే ఈ బండి గంటకు సుమారు 2.7 కి.మీ. వేగంతో పాకుతుంది. 4హెచ్‌లో ఇదే మొదటి గేర్‌లో గంటకు 7 కి.మీ. వెళ్తుంది. రాళ్ళ మీద ఆ తేడా చాలా పెద్దది. క్లచ్ కాల్చకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా ఒక్కో చక్రాన్ని ఒక్కో రాయి మీద పెట్టుకుంటూ వెళ్ళొచ్చు.

నిటారు దిగుడులో కూడా ఇదే ప్రాణం కాపాడుతుంది. 4ఎల్, మొదటి గేర్ వేసి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మధ్యలో క్లచ్ తొక్కితే ఆ పట్టు ఒక్క క్షణంలో పోతుంది.

జారే నేలలో మాత్రం 4ఎల్ మొదటి గేర్ కొన్నిసార్లు చేటు చేస్తుంది. బలం ఎక్కువై చక్రాలు ఊరికే తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. తడి మట్టి, ఇసుకలో రెండో గేరో మూడో గేరో మేలు.

వేయడం, తీయడం: వరుసగా

1. బురద కనిపించగానే, అందులోకి దిగకముందే ఆలోచించండి. దిగబడ్డాక 4హెచ్ వేయడం కన్నా ముందే వేయడం వంద రెట్లు సులువు. చేత్తో తిప్పే హబ్‌లు ఉంటే ఇప్పుడే రెండూ ‘లాక్’కి తిప్పండి. ఒకటి తిప్పి ఒకటి మరిచిపోతే ముందు డిఫరెన్షియల్ ఆ ఖాళీ వైపే తిరుగుతూ ఉంటుంది, ముందు చక్రాలకు బలం అందదు.

2. 2హెచ్ నుంచి 4హెచ్‌కి కదులుతూనే మార్చొచ్చు. ఎంత వేగం వరకు అన్నది బండిని బట్టి ఉంటుంది, పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం దగ్గర లేకపోతే గంటకు 40 కి.మీ. లోపు చేయండి. స్టీరింగ్ నేరుగా ఉండాలి, యాక్సిలరేటర్ నుంచి కాలు తీయాలి, వెనక చక్రాలు జారుతూ ఉండకూడదు. జారుతున్నప్పుడు వేస్తే రెండు వేర్వేరు వేగాల్లో ఉన్న పళ్ళు ఢీకొంటాయి.

3. 4ఎల్‌కి బండి పూర్తిగా ఆపండి. బ్రేకు తొక్కి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టండి, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కండి. అప్పుడు లివర్‌నో నాబ్‌నో మార్చండి. పళ్ళు ఎదురెదురుగా నిలిచి తగులుకోకపోతే బలవంతం చేయకండి. గేర్ వేసి ఒక అడుగు ముందుకు కదిపి మళ్ళీ ప్రయత్నించండి.

4. డాష్‌బోర్డు మీది ఫోర్ వీల్ డ్రైవ్ లైటు మిణుకుమంటుంటే ఇంకా తగులుకోలేదని అర్థం. నేరుగా కొన్ని మీటర్లు వెళ్ళాలి. అది నిలకడగా వెలిగేదాకా గుంతలోకి దిగకండి.

5. తీసేటప్పుడు కష్టమైతే కారణం షాఫ్టులు మెలిపడి పళ్ళను ఒత్తి పట్టుకోవడమే. స్టీరింగ్ నేరుగా పెట్టి, రివర్స్‌లో నెమ్మదిగా 3 నుంచి 5 మీటర్లు వెనక్కి వెళ్ళండి. మెలి విప్పుకుని లివర్ తేలిగ్గా జారుతుంది. లివర్ మీద రెండు చేతులూ వేసి లాగితే వంగేది ఫోర్కే.

ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని ‘ఎన్’ (న్యూట్రల్) స్థానం గురించి ఒక హెచ్చరిక. అక్కడ ఉంటే ఇంజన్‌కి, చక్రాలకు మధ్య లంకె తెగిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌ను ‘పీ’ (పార్క్)లో పెట్టినా, మాన్యువల్‌ను మొదటి గేర్‌లో ఆపినా బండి దొర్లిపోతుంది, ఎందుకంటే ఆ పట్టు గేర్‌బాక్స్‌లోనే ఉంది. వాలు మీద 4ఎల్‌కి మారుస్తున్నప్పుడు కూడా ఈ ‘ఎన్’ మీదుగానే వెళ్ళాలి. బ్రేకు మీద కాలు ఉండి తీరాలి, హ్యాండ్ బ్రేకు కూడా వేసుకోండి.

గాలి తగ్గించడం

టైరులో గాలి తగ్గించడం ఎన్నో సందర్భాల్లో డిఫ్ లాక్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకుని బరువును పంచుతుంది. మెత్తటి ఇసుకకు 16 నుంచి 18 పీఎస్ఐ, బురదకు 20 నుంచి 25, కంకర దారికి మామూలు కన్నా పావు వంతు తక్కువ పెట్టి మొదలుపెట్టండి. వెనక బరువు ఉంటే వెనక టైర్లకు కాస్త ఎక్కువ ఉంచాలి. 15 కంటే తగ్గితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గాలి తగ్గించాక వేగం తగ్గించండి, తారు ఎక్కే ముందు మళ్ళీ నింపండి. చిన్న కంప్రెసర్ లేకుండా ఇసుకలోకి వెళ్ళకండి. ఇసుకలో స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా కంప్యూటర్ చూసుకునే ఏర్పాటు) బలాన్ని కోసేసి బండిని ఆపేస్తుంది, దాన్ని ముందే ఆపేయాలి. చాలా బళ్ళలో 4ఎల్ వేస్తే అదే ఆగిపోతుంది.

పికప్‌కే ఉన్న బలహీనత ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఖాళీ బండిలో బరువు ఎక్కువగా ముందే ఉంటుంది, తిప్పే చక్రాలేమో వెనక. తడి గడ్డి మీద ఖాళీ పికప్ 2హెచ్‌లో కదల్లేకపోవడానికి కారణం అదే. 4హెచ్ వేస్తే ఇంజన్ బరువు మోస్తున్న ముందు టైర్లు పనిలోకి వస్తాయి. బ్రేకు వేసినప్పుడు మాత్రం దీనివల్ల ఆగే దూరం తగ్గదు. జారే రోడ్డు మీద 4హెచ్‌లో తేలిగ్గా వేగం అందుకున్నాం కదా అని అదే ధీమాతో మలుపులోకి వెళ్తే బండి నేరుగా బయటికి పోతుంది.

పని చేస్తోందా? తెలుసుకునే పద్ధతి

చదునైన నేల మీద బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, ఇంజన్ ఆపి, గేర్‌లో ఉంచండి. 2హెచ్‌లో, హబ్‌లు ‘ఫ్రీ’లో ఉన్నప్పుడు ముందు ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పితే తిరగాలి. ఇప్పుడు 4హెచ్ వేయండి. నాబ్ రకమైతే ఇంజన్ ఆన్‌లో ఉంచి వేసి, కాసేపు ముందుకూ వెనక్కూ కదిపి, మళ్ళీ ఆపి, అడ్డు పెట్టి కిందికి వెళ్ళండి. షాఫ్టు కదలకూడదు. ఇంకా తిరుగుతుంటే లోపం ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు ఉంది: ఫోర్క్, చెయిన్, లేదా దాన్ని జరిపే మోటారు. షాఫ్టు బిగుసుకుని ఉన్నా మట్టిలో ముందు చక్రాలు లాగకపోతే లోపం హబ్‌లోనో ముందు ఇరుసు విడదీసే ఏర్పాటులోనో ఉంది.

సాధారణంగా ఎదురయ్యేవి ఇవి. లైటు మిణుకుమంటూనే ఉంటే జరిపే మోటారు పట్టేసి ఉండొచ్చు, లేదా దాని ప్లగ్గులో తుప్పు, నీరు చేరి ఉండొచ్చు. నెలల తరబడి వాడకపోవడమే దీనికి పెద్ద కారణం. నెలకొకసారి మట్టి దారిలో 15 కి.మీ. దాకా 4హెచ్‌లో నడిపితే నూనె అన్ని భాగాలకూ చేరుతుంది, మోటారు కదులుతూ ఉంటుంది. వ్యాక్యూమ్‌తో పనిచేసే హబ్‌లలో సన్నని రబ్బరు గొట్టం పగిలితే పళ్ళు సగమే తగులుకుని గరగరమంటాయి. ఆ చప్పుడుతో ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. బలంగా తొక్కినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ‘టక్, టక్’ అని పళ్ళు దాటిన చప్పుడు వస్తే చెయిన్ సాగిపోయింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర ‘కటకట’ వస్తే సీవీ జాయింట్ (ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టులోని కీలు) అరిగింది, మొదట దాని రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి.

నూనె మార్చడం

ట్రాన్స్‌ఫర్ కేస్‌కి సాధారణంగా 1 నుంచి 2 లీటర్లు పడుతుంది. చెయిన్ ఉన్నవాటిలో చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె), పళ్ళ చక్రాలవాటికి 75డబ్ల్యూ-90 గేర్ నూనె వాడతారు. ఆటో మోడ్ ఉన్నవాటికి తయారీదారు చెప్పిన నూనె తప్ప వేరేది పోస్తే క్లచ్ ప్లేట్లు జారడమో అదరడమో మొదలవుతుంది.

కాసేపు నడిపి నూనె వెచ్చబడ్డాక, చదునైన నేల మీద ఆపండి. ముందు పైనున్న పోసే బోల్టు విప్పండి, ఆ తర్వాతే కిందిది. నూనెంతా కార్చేశాక పై బోల్టు ఊడకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. కింది బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్దలాంటి పొడి ఉంటే అది మామూలు అరుగుదల. గోరుకు తగిలే ముక్కలుంటే లోపల పళ్ళు విరుగుతున్నాయి. కొత్త వాషర్ వేసి కింది బోల్టు బిగించి, పై రంధ్రం అంచు నుంచి నూనె పొర్లేదాకా పోయండి.

ఇన్ని కిలోమీటర్లకు నూనె మార్చాలనే లెక్క నీళ్ళలో దిగి వచ్చిన బండికి వర్తించదు. వేడిగా ఉన్న ఇరుసు ఒక్కసారిగా చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ళ గుండా నీటిని పీల్చుకుంటుంది. దాన్ని ఆపడానికే ఇరుసుల పైన బ్రీదర్ గొట్టాలు (లోపలికి గాలి వచ్చిపోయే గొట్టాలు) ఉంటాయి. అవి మట్టితో మూసుకుపోలేదని చూసుకోండి, వీలైతే పొడవైన గొట్టం వేసి బానెట్ కింద ఎత్తుగా కట్టండి. నీళ్ళు దాటిన మర్నాడు మూడు పెట్టెల్లో పోసే బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి: ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్. నూనె పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీరు చేరింది. అదే రోజు మార్చండి, బేరింగులకు తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. అదే సమయంలో ప్రొపెల్లర్ షాఫ్టు యూ-జాయింట్లకు, జారే స్లీవుకు నిప్పిల్ (గ్రీజు కొట్టే రంధ్రం) ఉంటే పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి.